తినుడంటే బువ్వనే

మా అక్క మోకాళ్ల ఆపరేషన్ ఒక నోటుబుక్కు దగ్గర ఆగిపోయింది. అందులోని రాత నాది. అందుకే ఈ సంగతి తలుచుకుంటే అక్క మీద ఎంత ఒళ్లు మండుతుందో, నా మీదా అంతే మండుతుంది.

అక్కది సిరిసిల్ల. ఆమె కూతురు కోరుట్లలో నేనుండే ఇంటి పై అంతస్తులోనే ఉంటుంది. అక్కకు మనవరాలు పుట్టి అయిదు నెలలైంది. చూడడానికి వచ్చినప్పుడల్లా మెట్లెక్కలేక అక్క కిందే మా ఇంట్లో కుర్చీలో కూర్చుంటుంది, పిల్లను దించుకొస్తే ఎత్తుకుంటుంది. "ఉయ్యాల ఏడ గట్టిండ్రో గూడ సూడలే నేను," అని ఒకసారి ఏడ్చింది. జగిత్యాల డాక్టరు మాత్రం ఎనిమిది కిలోలు తగ్గితేనే ఆపరేషన్ అన్నాడు. తిన్న ప్రతిదీ రాసి నెల తర్వాత తెమ్మన్నాడు. అక్కకు రాయడం రాదు. రోజూ సాయంత్రం ఫోన్లో ఆమె చెప్పేది, నేను రాసేదాన్ని. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని కదా, స్కేలు పెట్టి గళ్లు కూడా గీశాను.

"పొద్దుగాల?"

"ఏం తినలే."

"పగటీలి?"

"గింతంత బువ్వ."

సోమవారమైతే నాకింకా సుఖం. "ఇయ్యాల ఒక్కపొద్దు," అనేది. ఉపాసమే కదా అని ఆ గళ్లో గుండ్రంగా సున్నా చుట్టేదాన్ని.

మూడో వారం, సోమవారం నాడే సిరిసిల్ల వెళ్లాను. ఒక్కపొద్దు మహిమ కళ్లారా చూశాను. పొద్దున పళ్లెం నిండా గోధుమరవ్వ ఉప్మా, పైన పిడికెడు పల్లీలు. తర్వాత రెండు అరటిపండ్లు. చాయ్‌లో ముంచుకుంటూ బిస్కెట్లు, పొట్లం ఖాళీ అయ్యేదాకా. మధ్యాహ్నం గిన్నెడు సగ్గుబియ్యం పాయసం. సాయంత్రం నోటుబుక్కు తెరిచాను.

"ఏం తిన్నవే అక్కా?"

"ఒక్కపొద్దు గదనే, ఏం తింట?"

"మరి పొద్దుగాల్నుంచి నమిలిందేంది?"

"గది తినుడా? గవన్ని తినుడైతే ఇగ బువ్వనేమంటరు?"

ఆమె అబద్ధమాడటం లేదు, అదీ విడ్డూరం. మా ఇళ్లల్లో తినడమంటే అన్నమే. అన్నం ముద్ద గొంతు దిగకపోతే ఉపాసమే, పొట్ట బిర్రుగా ఉన్నా సరే.

అప్పుడైనా వెనక్కి వెళ్లి పేజీలన్నీ దిద్దాలి కదా. దిద్దలేదు. అంత శుభ్రంగా రాసిన పుస్తకంలో కొట్టివేతలు పెట్టడానికి చెయ్యి రాలేదు. ఇదీ నా చదువు! ఆ సోమవారం గళ్లో కూడా సున్నాయే చుట్టాను.

నెల తిరిగాక జగిత్యాలలో అక్క బరువు చూసే మిషనెక్కింది. రెండు కిలోలు పెరిగింది.

"మిషన్ ఖరాబైనట్టున్నది సారూ," అంది ధీమాగా.

డాక్టరు నా దస్తూరీ బాగుందన్నాడు. పుస్తకం ముందుకూ వెనక్కూ తిప్పాడు. ఇంత తక్కువ తింటూ బరువు పెరుగుతోందంటే లోపల ఇంకేదో ఉందని పరీక్షలు రాశాడు. అవన్నీ తేలేదాకా ఆపరేషన్ మాటే వద్దన్నాడు. అక్క మొహం చిన్నబోయింది. నేను నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవలేదు.

బస్టాండులో తెరిచాను, మిర్చిబజ్జీల కోసం. దిగులుతో అక్క నాలుగు తింది, తోడుగా నేనూ నాలుగు తిన్నాను.

కోరుట్లలో ఇల్లు చేరేసరికి అక్క కూతురు పిల్లతో కిందికి దిగి వచ్చింది. అక్క నూనె చేతులు కొంగుకు తుడుచుకుని పిల్లను అందుకుంది.

"ఏమన్నడమ్మా డాక్టరు?"

"ఇప్పుడే గాదన్నడు బిడ్డా."

ఆ అమ్మాయి కాసేపు మెట్ల వైపు చూసింది. "పొద్దుగాలనంగ పోయిండ్రు. ఏమన్న తిన్నరా?"

"ఏం తినలే బిడ్డా," అంది అక్క.

"నువ్వు, చిన్నమ్మా?"

నా నాలుక మీద మిరపకాయ ఇంకా మండుతోంది.

"నేను గూడ తినలే," అన్నాను.