ఎర్ర సబ్బుతో నోరు కడిగించిన ఇంగ్లీషు చదువు

ఇవాళ అంగట్లో ఎర్ర సబ్బు వాసన తగలగానే ముక్కు మూసుకుని బయటికొచ్చేశాను. ఆదోని బడిలో నాతో చదివినవాళ్ళకు మన ఇంగ్లీషు అయ్యవారు గుర్తున్నాడా? పంతొమ్మిది వందల యాభైల్లో మా ఇంట్లో అవ్వతో కన్నడం, అమ్మతో తెలుగు, పక్కింటివాళ్ళతో ఉర్దూ. ఇంగ్లీషు క్లాసులో వాటిలో ఒక్క మాట నోరు జారినా ఆ సబ్బుతో పుక్కిలించమనేవాడు. ఛీ, ఏం మనిషండీ!

ఒకరోజు బువ్వ తెచ్చిన అమ్మ నా నోట్లో నురగ చూసింది.

"ఏమైందప్పా?"

"ఇంటి భాష మాట్లాడినాడు. ఆ మురికి పోవాల గదమ్మా," అన్నాడు అయ్యవారు.

"వానికి మాటలు నేర్పిచ్చింది నేను. మురికైతే నా నోరు కడుగు, అయివోరూ!"

ఆయన నిజంగానే అమ్మ ముందుకు సబ్బు చాపాడు.

అమ్మ కొంగుతో నా మూతి తుడిచి ఇంటికి తీసుకొచ్చేసింది. నేను మళ్ళీ ఆ బడి గడప తొక్కలేదు.