అత్తయ్యగారి ఎర్ర బల్బు

దెయ్యాల కబుర్లు ఎవరు మొదలెట్టినా నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే రకాన్ని. వింటేనే ఒళ్ళు మండేది. బోటనీ చదివినదాన్ని, ఏది జరిగినా దానికో కారణం ఉండి తీరుతుందని వాదించేదాన్ని. ఇప్పటికీ వాదిస్తాను. ఈ ఒక్క విషయంలో తప్ప.

మాది మండపేటలో రైస్ మిల్లు. వెనకాల తవుడు బస్తాలు వేసే గది ఒకటుంది, కిటికీ కూడా లేదు. అందులో ఎల్ఈడీ లైట్ల కింద చామంతి పూయిస్తానని మావయ్యగారిని అడిగాను. శ్రావణమాసంలో మా వైపు మంచి చామంతి దొరకడం గగనం. దొరికినా వానకి కుళ్ళినవే. ఆయన నవ్వారు.

"వరలక్ష్మీ వ్రతం నాటికి పూస్తే గది నీదేనమ్మా. పూయలేదనుకో, బస్తాలు లోపలికొచ్చేస్తాయి."

అంత పెద్ద మిల్లులో నాకంటూ దొరికిన చోటు అదొక్కటే. ఎలాగైనా నిలబెట్టుకోవాలనుకున్నాను.

నీలం కాంతికి మొక్క పొట్టిగా, గట్టిగా వస్తుంది. ఎరుపు తోడైతే ఏపుగా పెరుగుతుంది. కానీ చామంతికి ఒక మొండితనం ఉంది. రాత్రి పొడుగ్గా, కటిక చీకటిగా ఉంటే తప్ప మొగ్గ వేయదు. అందుకే పెందలాడే లైట్లు ఆర్పి తాళం వేసేదాన్ని. మొక్కలు బ్రహ్మాండంగా పెరిగాయి, మొగ్గ మాత్రం లేదు. "ఆకుకూర బాగా ఎదిగిందండీ" అని మా హమాలీలు ఒకటే ఆటపట్టించడం!

ఒక సాయంత్రం తాళం వేయబోతూ నెత్తి కొట్టుకున్నాను. గోడ మీద లక్ష్మీదేవి పటం, దాని ముందు ఎర్ర జీరో బల్బు. రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి అదీ ఒక లైటేనని నాకు తట్టనే లేదు. పైగా ఎరుపు! చామంతికి రాత్రిని చెడగొట్టేది సరిగ్గా ఆ రంగే.

ఆర్పేద్దామంటే మావయ్యగారు కస్సుమన్నారు. "అది మీ అత్తయ్య పెట్టిన దీపం. నేనుండగా కొండెక్కనివ్వను."

పోనీ గుడ్డ అడ్డం కడతానన్నాను. అమ్మవారి మొహాన తెర వేస్తావా అని ఇంకా కోప్పడ్డారు. అత్తయ్యగారు ఉన్నన్నాళ్ళూ తలలో పువ్వు లేకుండా నన్ను గుమ్మం దాటనిచ్చేవారు కాదు. ఆవిడ బల్బే నా పువ్వులకి అడ్డం పడిందని ఏడుపొచ్చింది.

తర్వాత కొన్నాళ్ళకి మొగ్గలు కనిపించాయి. ఒకటీ అరా కాదు, ప్రతి కొమ్మకీ! మావయ్యగారే మనసు మార్చుకుని బల్బు ఆర్పుతున్నారనుకుని దణ్ణం పెట్టాను. నేనే దొంగచాటుగా ఆర్పుతున్నానని ఆయన ఇంతెత్తున లేచారు. ఆ రోజు నుంచి తాళం ఆయనది, తాళంచెవి ఆయన మొలతాడుకి. పొద్దున్నే ఇద్దరం కలిసి తలుపు తీస్తే బల్బు వెలుగుతూనే ఉండేది. మొగ్గలేమో ఇంకా ఉబ్బేవి.

చివరికి చీకట్లో కూడా వీడియో తీసే కెమెరా పెట్టించాను. మర్నాడు మిల్లు ఆఫీసులో ఇద్దరం కూర్చుని చూశాం. నా లైట్లు ఆరగానే ఎర్ర బల్బు కూడా మెల్లగా మసకబారి ఆరిపోయింది. గదిలో మనిషి లేడు. స్విచ్ వేసే ఉంది. కరెంటూ పోలేదు, పక్కనే ఫ్యాను తిరుగుతోంది. తెల్లవారుతుండగా బల్బు దానంతటదే వెలిగింది. ఎలక్ట్రీషియన్ని పిలిచి బల్బు, హోల్డరు, వైరు అన్నీ మార్పించాను. కొత్త బల్బూ అదే పని చేసింది.

మావయ్యగారు కళ్ళు తుడుచుకుని, "పువ్వుల దగ్గర మీ అత్తయ్య నా మాట ఎప్పుడు విందిలే" అన్నారు.

వ్రతం ముందురోజు తలుపు తీస్తే గదంతా పసుపు ముద్దలే! ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఆకుకూర అన్నవాళ్ళే వాళ్ళ ఆడవాళ్ళకోసం చేతులు చాపారు. "కూర వండుకుంటారా?" అని అడిగి మరీ ఇచ్చాను. మొదటి దండ అత్తయ్యగారి ఫొటోకి వేశాక, మావయ్యగారు పక్క గోడౌను తాళాలు కూడా నా చేతిలో పెట్టారు.

ఆ బల్బు ఎందుకలా ఆరిందో నాకు ఈరోజుకీ తెలియదు. తెలిసినవాళ్ళందరినీ అడిగాను, ఎవరూ చెప్పలేకపోయారు.

కొత్త గోడౌనులో లైట్లు బిగిస్తున్నప్పుడు ఎలక్ట్రీషియన్ అడిగాడు, "ఇక్కడ ఆ ఎర్ర బల్బు వద్దు కదండీ, మొగ్గ రాదన్నారుగా?"

"ముందు అది పెట్టవయ్యా బాబూ, మిగతావి తర్వాత" అన్నాను.