ఎస్.ఆర్. అంటే సీరియల్ కాదు

రెండేళ్ల కిందట అక్టోబరు మొదటి వారంలో జహీరాబాద్‌లోని ఒక చెరకు రైతుల సంఘం ఆఫీసులో జూనియర్ ప్రోగ్రామర్‌గా చేరాను. ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు. అక్కడ ఏం నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే మాత్రం ఈ సంగతే చెబుతాను.

రైతుల వివరాలన్నీ పాత డేటాబేస్‌లో ఉండేవి. పాత ప్రోగ్రాం ఇంకా వాటిమీదే నడుస్తోంది కాబట్టి టేబుళ్లను మార్చకుండా కొత్త వెబ్ స్క్రీన్లు కట్టాలి. ఆ స్క్రీన్లు కట్టడానికి మేం వాడిన ఫ్రేమ్‌వర్క్ అనే సాఫ్ట్‌వేర్‌కు తన టేబుళ్లు తానే తయారుచేసుకోవడం అలవాటు. ఉన్నవాటిని చదివించి, వీటి రూపం మార్చవద్దని చెప్పి, ప్రతి రైతు వరసను గుర్తుపట్టే కాలమ్ ఒక్కటి చూపించాలి. దాన్నే ప్రైమరీ కీ అంటారు. నేను రైతు నంబరును చూపించాను.

కొన్ని నంబర్లు రెండేసిసార్లు ఉన్నాయి. పక్కన ఎస్.ఆర్. అనే కాలమ్‌లో ఒకటి, రెండు అని ఉంది. సీరియల్ నంబరేమో, పొరపాటున రెండుసార్లు ఎక్కాయేమో అనుకున్నాను. అడగడానికి మొహమాటం. ‘112 రెండుసార్లు ఎందుకు?’ అని డైరీలో రాసుకుని, ముందు దొరికిన వరసనే తెరిచేలా స్క్రీన్ రాశాను.

కోతలు మొదలైన వారానికి కోహీర్ వైపు నుంచి సత్తెమ్మ అనే రైతు వచ్చింది. తన చెరకు కోతకు వచ్చింది, కోత పర్మిట్ మాత్రం మరిది పేరున, నెల తర్వాతి తేదీతో వచ్చింది. అన్నాళ్లు నిలబడితే చెరకు ఎండి బరువు తగ్గుతుంది.

“బిడ్డా, మరిది పేరు రెండుసార్లు గొట్టిన్రు. నా పేరేడవాయె? నేను సచ్చిననుకున్నరా?”

సీనియర్ గుమాస్తా మొయిన్ సాబ్ ముందురోజు ఆమె మరిది పేరులో ఒక అక్షరం దిద్దారు. వాళ్లిద్దరి నంబరూ 112. ఆ నంబరు ఎక్కడుంటే అక్కడ నా స్క్రీన్ మరిది వివరాలే రాసేసింది. టేబుల్‌లో సత్తెమ్మ వరస కూడా ఆయనదే అయిపోయింది. డైరీ తెరిచి ఆ పేజీ మొయిన్ సాబ్ ముందు పెట్టాను. ఆయన చదివి నవ్వారు.

“సీరియల్ కాదు బేటా, షరీక్. ఒక్క నంబరు మీద ఇద్దరు పాలివాళ్లు. గీ ముచ్చట నన్నడుగుతే అయిపోతుండె గద.”

“నీ కంప్యూటర్‌కు షరీక్ అంటే ఎర్క లేదా?” అంది సత్తెమ్మ. “నాల్గొద్దులు మా ఇంట్ల ఉండమను, తెలుస్తది.”

రెండు కాలమ్‌లూ కలిస్తేనే కీ అని ఆ టేబుల్‌లో ఎక్కడా రాసి లేదు. అది మొయిన్ సాబ్‌కు తెలుసు, పాత ప్రోగ్రాంకు తెలుసు. ఆ అక్షరం దిద్దడానికి ముందు రాత్రి తీసిన బ్యాకప్ నుంచి ఆమె వరస తిరిగి తెచ్చి, ఆయన రిజిస్టర్‌తో సరిచూసి, మధ్యాహ్నానికల్లా ఆమె పేరున, ఆమె తేదీకి పర్మిట్ తీశాం. తర్వాత చదవడానికి రెండు కాలమ్‌లను అతికించి చూపే వ్యూ, అంటే టేబుల్‌ను మార్చకుండా దానిమీద పరిచిన అద్దంలాంటిది, ఒకటి చేశాను. రాసేచోట రెండూ సరిపోతేనే, అదీ ఒక్క వరసే మారేలా కట్టడి పెట్టాను. మొయిన్ సాబ్ రెండు రోజులు పక్కన కూర్చుని ప్రతి కాలమ్ పేరుకూ అర్థం చెప్పారు. తప్పు ఎవరిదని మేనేజరు అడిగితే “ఇద్దరం చూసుకోలే” అన్నారు. ఆ మాటకు నేను ఇప్పటికీ రుణపడే ఉన్నాను.

పాత టేబుల్‌ను ప్రోగ్రాం చదివి పెడుతుంది. దాని అర్థం నింపినవాళ్ల దగ్గర ఉంటుంది. డైరీలో రాసుకున్న ప్రశ్నను ఆ రోజే వాళ్లను అడగాలి.