నా చేతికి లొంగిన పిస్తోలు

మలేసియాలోని తెలుక్ ఇంటాన్‌లో మాది చిన్న నగల కొట్టు. దొంగలు పడ్డ రోజు మా ఆయన నడుముకి లైసెన్సున్న పిస్తోలు ఉంది. నా మెడ మీద కత్తి పెట్టారని ఆయన దాన్ని తీయలేదు. ఆ ఏడే ఆయనకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. పిస్తోలు లేందే కొట్టు తీయనని, ఇక లైసెన్సు నా పేర తీసుకోవాలని ఆయన పట్టుబట్టారు.

"కొట్టు మూసేద్దామండీ" అన్నాను.

"మూసేసి ఏటి సేస్తాం? నాకింకేటొచ్చు?"

నాకు కీళ్ళవాతం. పొద్దున్నే సీసా మూత కూడా తిప్పలేను. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

అనుమతి వచ్చాక, ఆయన పిస్తోలు నా వేళ్ళకి లొంగదని, ఈపో పట్నంలో తుపాకులమ్మే కొట్టుకి వెళ్ళాం. మా వెనక ఇనుప తలుపుకి తాళం పడ్డాకే ముందు తలుపు తీశారు. నేను అన్నిటికంటే చిన్న పిస్తోలు చూపించాను. కొట్టు ముసలాయన చీనా మనిషి. మలై భాషలో అన్నాడు:

"చిన్నదైతే సులువనుకోకండి ఆంటీ. లోపలి స్ప్రింగు ఇంకా గట్టిగా ఉంటుంది."

ఖాళీగా ఉందని చూపించి ఇచ్చాడు. పైభాగం వెనక్కి లాగితేనే తూటా లోపలికి ఎక్కుతుందట. నా వేళ్ళు జారిపోయాయి. తర్వాత ఇచ్చిన రివాల్వరుకి ఆ లాగుడు లేదు గానీ, ట్రిగ్గరు నొక్కబోతే వేలు సగంలోనే ఆగిపోయింది. నాకు బతికిపోయాననిపించింది.

ముసలాయన లోపలికెళ్ళి కాస్త పెద్దది, మెత్తటి స్ప్రింగున్నది తెచ్చాడు.

"లాగొద్దు ఆంటీ. పైభాగాన్ని ఎడమ అరచేత్తో బిగించి పట్టుకోండి. కుడిచేత్తో తుపాకీని ముందుకి తొయ్యండి."

తోశాను. టక్కుమని కదిలింది. మంచం దిగాక మా ఆయన నవ్వడం అదే మొదలు. నేను మాత్రం దాన్ని బల్ల మీద పెట్టేశాను. అది కదలకపోయుంటే కొట్టు మూసేవాళ్ళం.

అప్పట్నుంచి రోజూ షట్టరు ఎత్తేముందు ఆ ఖాళీ పిస్తోలుని నా చేత ఓసారి తోయిస్తారు. వానల్లో ఓ పొద్దున నా వేళ్ళ కణుపులు వాచిపోయాయి.

"రాట్లేదండీ."

"మల్లీ సూడు."

"సూసినాను. రాట్లేదు."

"అయితే షట్టరు తియ్యకు. కూకో."

దించిన షట్టరు వెనక ఇద్దరం కూర్చున్నాం. బయట ఎవరో ఆడమనిషి తట్టి, "అక్కా, అక్కా" అని తమిళ యాసలో పిలిచింది. నేను లేవబోతే ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపారు. ఆమె కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. కొట్లో గాలి లేదు. ఆయన నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఉన్న ఒక్క చేత్తో కణుపులు ఒత్తారు.

"నొప్పి బాగా ఉందేటి?"

"ఇప్పుడడుగుతున్నారా?"

ఆయన తల దించుకున్నారు, ఒత్తడం మాత్రం మానలేదు.

మధ్యాహ్నానికి వేళ్ళు కాస్త వదిలాయి. తోస్తే వచ్చింది. ఆయన తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఇంకో ఏడాది సూద్దాం" అన్నారు.

ఏడాది దాటింది. కొట్టు తీస్తూనే ఉన్నాను.