లేహ్ నుంచి శంషాబాద్

లేహ్‌లో దిగేటప్పుడు విమానం తలుపు దగ్గరే ఊపిరి సగమైంది. ఎండ కళ్లలో పొడిచింది. చలి చెవులు కోసింది. సుబేదార్ మొదటి ఆజ్ఞ ఒకటే: పరుగెత్తొద్దు, నీళ్లు తాగండి, పడుకోండి.

ఒళ్లు ఆ గాలికి అలవాటు పడ్డాక పైకి పంపారు. మా పోస్టు మంచు గట్టు మీద. ఒక ఫైబర్ గుడిసె, ఒక కిరోసిన్ పొయ్యి, ఆరుగురం. రేడియో ఆపరేటర్‌ది వికారాబాద్. తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే. అతను రేడియో ముందుంటే నేను పహరాలో, నేను గుడిసెలో ఉంటే అతను నిద్రలో. కాబట్టి ఆ తెలుగు కూడా తక్కువే.

వారానికోసారి ఫోన్ వంతు వచ్చేది. నా భార్య సరిత కాన్పుకని మొయినాబాద్‌లో పుట్టింట్లో ఉంది.

"విమానంల ఎంతసేపు పడ్తది?" అని ఓసారి అడిగింది.

"ఢిల్లీకి గంటంబావు. ఆడికెళ్లి శంషాబాద్‌కు రెండు గంటల పైన."

"గంతేనా! నొప్పులు మొదలైనంక బయల్దేరినా అందుకుంటవ్."

అది గాల్లో లెక్క, కిందికి దిగడం వేరే లెక్క అని చెప్పేలోపు నా వంతు అయిపోయింది.

నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. ఆపరేటర్ హెడ్‌ఫోన్ తీసి నా వైపు తిరిగాడు.

"అన్నా, ఆడపిల్ల పుట్టిందంట. నెలలు నిండలేదని దవాఖానల అద్దాల పెట్టెల పెట్టిన్రంట. సార్ సెలవిచ్చిండు, జల్ది దిగు."

నడుముకు తాడు కట్టుకుని దిగాను. తర్వాత లారీ. లేహ్ చేరేసరికి లోయను మబ్బు మూసేసింది. అక్కడ విమానాలు పొద్దున పూటే. మధ్యాహ్నమైతే గాలి లేస్తుంది. రోజూ పొద్దున్నే సామానుతో వెళ్లేవాణ్ని. రద్దు అనేవారు. మళ్లీ క్యాంపు.

ఒక ఉదయం విమానం చప్పుడు తల మీదికి వచ్చింది. హాల్లో అందరం లేచి నిలబడ్డాం. కనిపించకుండానే వెనక్కి మళ్లింది. చప్పుడు సన్నబడి ఆగిపోయేదాకా ఎవరూ కూర్చోలేదు.

ఆ సాయంత్రం బావమరిది ఫోన్ చేశాడు.

"బావా... పాప లేదు. అక్కను దవాఖాన నుంచి ఇంటికి తీస్కపోతున్నం. నువ్వు పైలం."

"పేరు పెట్టిన్రా?"

"నువ్వొచ్చినంకనే పెడ్దామన్నది అక్క."

మర్నాడు ఆకాశం నీలంగా విచ్చుకుంది. విమానాలు చెప్పిన వేళకే లేచాయి, చెప్పిన వేళకే దిగాయి. పక్క సీటాయన లడఖ్‌లో తీసిన ఫొటోలు చూపించాడు. బాగున్నాయన్నాను.

బావమరిది శంషాబాద్‌కు కారు తెచ్చాడు. ఇంటి ముందు చాలా చెప్పులున్నాయి. అత్త నా సంచి అందుకుని, "లోపలున్నది, పో బిడ్డా" అంది.

సరిత గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి లేవబోయింది. వద్దని, పక్కన కూర్చున్నాను.

"నీ లెక్కనే ఉండె," అంది. "ముక్కు నీదే."

సెలవయ్యాక మళ్లీ అదే పోస్టుకు వెళ్లాను. గడువు ముగించుకుని వచ్చాను. ఇప్పుడు చేవెళ్లలో ఉంటున్నాం. అడిగినవాళ్లకు మంచు గురించి చెబుతాను. వాళ్లకు కావలసింది అదే.

నన్ను వదలనిది మాత్రం ఆ గది. మేమట్లా కూర్చుని ఉండగా, పలకరించడానికి వచ్చిన చుట్టాల పసిబిడ్డ బయట ఏడ్చింది. సరిత కదల్లేదు, తలుపు వైపు చూడలేదు. ఆమె జాకెట్టు ముందు భాగం మెల్లగా పాలతో తడిసిపోయింది.