సోని ఎత్తిన చెయ్యి

గెమ్మెలి సోని కుడి చేతి ఎముక విరిగిందని తెలిసి కూడా ఆమెను బాక్సింగ్ రింగులోకి దింపారు. ఆ చేతిని తాకకుండానే, ఆమె ముఖమైనా చూడకుండానే, పోటీకి అర్హురాలన్న పత్రం మీద వైద్యుడు సంతకం చేశాడు. సోనికి అప్పటికి పదిహేడేళ్లు. ఆ పిడికిలి ఈనాటికీ ముడుచుకోదు.

ఆ పిడికిలి తయారైన తీరు ముందు చెప్పాలి.

పెదబయలు కొండల్లోని ఆశ్రమ పాఠశాలలో సోని తొమ్మిదో తరగతి చదువుతుండగా, కాంట్రాక్టు మీద పనిచేసే వ్యాయామ ఉపాధ్యాయుడు జగదీష్ ఆమెకు బాక్సింగ్ నేర్పడం మొదలుపెట్టాడు. అడిగిన పంచింగ్ బ్యాగ్ ఎప్పటికీ రాలేదు. కాఫీ పొట్టు కూరిన గోనెసంచిని పనసకొమ్మకు వేలాడదీశాడు. వానలకు ఆ పొట్టు అడుగుకు దిగి రాయిలా గట్టిపడేది. సోని మెటికలు చిట్లేవి గాని సంచి కదిలేది కాదు.

"భుజంతో కొడతన్నావు సోనీ. దెబ్బ మడమ దగ్గర పుట్టాల. మడమ తిరగాల, నడుం తిరగాల, సెయ్యి ఆకర్న రావాల" అన్నాడు జగదీష్.

"మడమతో అయితే అది తన్నడమే కదా సార్?" అంది సోని. తోటి పిల్లలు పకపకా నవ్వారు. జగదీష్‌కూ నవ్వాగలేదు.

సెలవుల్లో ఇంటికొచ్చి పెరట్లో ఇంకో సంచి కట్టుకుంది. చేటలో సామలు చెరుగుతూ నాయనమ్మ సోములమ్మ కాసేపు చూసింది.

"ఏటే గుంటా, ఆ సంచి నీకేటి అపకారం సేసింది? పళ్లు బిగించి మరీ గుద్దుతన్నావు!"

"పవర్ రావట్లేదు మామ్మా."

"ఎలాగొత్తాది? ఎత్తినకాడే పిడికిలి బిగించేత్తన్నావు. ఇటు రా. రోకలట్టుకో."

ఎనిమిదో ఏటి నుంచీ దంచుతూనే ఉన్నా సోని ఆ సంగతి ఎన్నడూ గమనించలేదు. పైకి లేచేటప్పుడు రోకలి వదులు చేతిలో తేలుతుంది. గింజ మీదికి దిగే క్షణంలోనే వేళ్లు బిగుస్తాయి, మోకాళ్లు కుంగుతాయి, ఒంటి బరువంతా మడమల మీదుగా రోట్లోకి పోతుంది. బడికి తిరిగొచ్చి, పిడికిలి వదులుగా ఉంచి, తగిలే ముందు మాత్రమే బిగించి కొట్టింది. పనసకొమ్మ ఊగింది. జగదీష్ ఊగుతున్న సంచిని పట్టి ఆపాడు. "మళ్లీ" అన్నాడు.

ఆ రోటి దగ్గర ఇంకో కట్టుబాటు ఉంది. ముగ్గురు ఒకే రోట్లో వంతులుగా దంచేటప్పుడు ఎవరికైనా చెయ్యి పట్టేస్తే అరవనక్కరలేదు, చెయ్యి పైకెత్తితే చాలు. మిగతా రెండు రోకళ్లూ గాలిలోనే ఆగిపోవాలి. ఎందుకని ఎవరూ అడగరు. ఆగకపోతే వేళ్లు నలుగుతాయని పసిపిల్లలకు కూడా తెలుసు.

రెండేళ్ల తర్వాత మైదాన ప్రాంతంలోని ఒక పట్నంలో రాష్ట్ర జట్టు ఎంపికలు జరిగాయి. కాంట్రాక్టు మనిషికి పాస్ ఇవ్వరన్నారు. జగదీష్ గ్యాలరీలోనే ఉండిపోయాడు. సోని వెంట రింగు దాకా వెళ్లింది జిల్లా జట్టు మేనేజరు లక్ష్మణరావు. అక్కడ ఇచ్చిన పాత గ్లవ్స్‌లో మెత్త పక్కకు జరిగిపోయి, మెటికల మీద ఉత్త తోలే మిగిలింది. సెమీఫైనల్లో ఆమె కుడిదెబ్బకు అవతలి పిల్ల పడిపోయింది. అదే క్షణాన తన చేతిలో ఏదో పటుక్కుమనడం సోనికి వినిపించింది.

తెల్లారేసరికి చెయ్యి రొట్టెలా పొంగింది.

"సార్, లోపల ఎముక కదుల్తంది."

లక్ష్మణరావు నొక్కి చూశాడు. సోని కెవ్వుమంది. "విరిగినట్టే ఉంది" అన్న మాట అతని నోటి నుంచే వచ్చింది. తర్వాత ఫైల్లోంచి కాగితం తీశాడు.

"డాక్టరుగారు నిన్ననే సంతకం ఎట్టీసేరు. కాగితం మీద నువ్వు ఫిట్టే. ఇప్పుడు మానేస్తే రాష్ట్ర జట్టులో సోటు పోద్ది. మూడు రౌండ్లేగా! కొండలెక్కీదానివి, ఈమాత్రం ఓర్సుకోలేవేటి?"

ఫైనల్ మొదటి రౌండు ఎడమ చేత్తో నెట్టుకొచ్చింది. రెండో రౌండులో కుడిచెయ్యి ప్రత్యర్థి మోచేతికి తగిలి, కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. అప్పుడు సోని పుట్టిన ఊరు నేర్పిన పనే చేసింది. ఒక అడుగు వెనక్కి వేసి కుడిచేతిని తలపైకి ఎత్తింది. ఇక ఎవరూ కొట్టరన్న నమ్మకంతో ఎడమచేతిని దించేసింది.

ముఖం మీద వరసగా రెండు దెబ్బలు పడ్డాయి.

"టాటా సెప్తందిరా!" అని గ్యాలరీలో ఎవడో అరిచాడు. జనం గొల్లుమన్నారు. రిఫరీ ఆట ఆపి ఆమె కార్నర్‌ దగ్గర నిలబడ్డ లక్ష్మణరావు వైపు చూశాడు. ఓటమి ఒప్పుకుని ఆట ఆపించడానికి టవల్ విసరండని గ్యాలరీ నుంచి జగదీష్ గొంతు చించుకున్నాడు. టవల్ లక్ష్మణరావు భుజం మీదే ఉంది.

"ఏటీ లేదు సార్, గుంటకి బయ్యం. కానీండి" అన్నాడతను.

ఆట సాగింది. ఆ విరిగిన చేత్తోనే సోని చివరి గంట దాకా కొట్టి, పాయింట్ల మీద ఓడిపోయింది.

"మరి సెయ్యెత్తినాక ఎందుకు కొట్టినావే?" అని సోములమ్మ తర్వాత అడిగింది.

"వోళ్ల రోకళ్లు ఆగనేదు మామ్మా. నానొక్కదాన్నీ ఎలా ఆగుతాను?"

మొదటి దెబ్బకు చీలిన ఎముక కట్టు కడితే అతుక్కునేదని, తర్వాతి దెబ్బలకు అది పక్కకు జరిగిపోయిందని ఎముకల వైద్యుడు రాసిచ్చాడు. రెండు వేళ్లు వంగవు. కాఫీ పళ్లు ఎడమ చేత్తో కోస్తుంది. రోకలి జారిపోతుంది గనుక రోటి దగ్గర ఆమె వంతు కూడా ముసలామే దంచుతోంది. ఎంపిక సంఘానికి పంపిన ఫిర్యాదుకు వచ్చిన జవాబులో ఒకటే వాక్యం ఉంది: "క్రీడాకారిణి స్వచ్ఛందంగా పాల్గొన్నది."

ఎంపిక సంఘం పెద్దలారా, ఎత్తిన చెయ్యి సమ్మతి ఎలా అయిందో మీరే చెప్పాలి. సంతకం చేసిన వైద్యుడు ఆ చేతిని ఏ రోజున, ఏ గంటకు పరీక్షించాడో ప్రమాణపత్రం మీద చెప్పించండి. విరిగిందని తన నోటితో అన్నాక కూడా "కానీండి" అన్న లక్ష్మణరావును ఇక ఏ పిల్ల కార్నర్‌లోనూ నిలబెట్టకండి. సోని చేతికి శస్త్రచికిత్స మీరే చేయించండి. ఆ పిడికిలి మళ్లీ ముడుచుకునేదాకా అది మీ పూచీ. పదిహేను రోజుల్లో, రాతపూర్వకంగా, ఆమె పేరు మీద జవాబు పంపండి.