ఏ పిస్టల్ మంచిదో చెప్పని కాకా

పోయిన మంగళవారం పొద్దున కడప నుంచి ఫోన్ వచ్చింది. కాకా పోయారని ఆయన చిన్న కూతురు చెప్పింది. నిద్రలోనే ప్రాణం పోయిందట. "మా నాయన నీ మాట అప్పుడప్పుడు ఎత్తుతాండెన్నా" అంది. ఏమని ఎత్తేవారో అడగబోయి ఆగిపోయాను. ఆయన్నే అడగాల్సిన మాట ఒకటి ఇన్నేళ్లుగా నాలో ఉంది. ఇక అడగడానికి మనిషి లేరు.

ఆయన నాకు చుట్టం కాదు. మిలిటరీలో తుపాకులు బాగుచేసే హవల్దారుగా రిటైరై ఒమన్ వచ్చారు. ఇబ్రి బయట ఒక షేక్ నడిపే షూటింగ్ రేంజ్‌లో ఆయుధాల గది ఆయన చేతిలో ఉండేది. నేను నిజామాబాద్ వాణ్ణి. 2008లో ఆ రేంజ్ గోడ కట్టడానికి కంపెనీ పంపిన కూలీల్లో ఒకణ్ణి. గోడ పూర్తయ్యాక, కాల్చేవాళ్లను పక్కనుండి చూసుకునే పనికి షేక్ మనిషి కావాలంటే, కాకా నన్ను చూపించారు. ఎందుకు నన్నే చూపించారో అదీ తెలియదు. నెల తర్వాత పిస్టల్ పరీక్ష ఉంటుందని, తప్పితే మళ్ళీ ఎండలో సైట్ డ్యూటీయేనని చెప్పారు.

మొదటి రోజు బల్ల మీద ఐదు ఖాళీ పిస్టళ్లు పరిచారు. ఒకటి ఎంచుకోవాలి, దానితోనే పరీక్ష. పోలీసు నడుముకు తప్ప నేను పిస్టల్ చూసింది లేదు. ఒక్కోటీ పట్టించి, వేలు సుఖంగా అందుతోందా, మణికట్టు లాగుతోందా అని అడిగేవారు. తానే కిందపెట్టిన పిస్టల్ని మళ్ళీ తీసినా లోపల తూటా ఉందేమోనని చూసేవారు. "నా చేతిని గూడా నేను నమ్మనబ్బా" అనేవారు.

గుండ్లన్నీ ఒక్కచోట పడితే అది గురి ఉన్న పిస్టల్, మధ్యలో పడకపోతే తర్వాత దిద్దుకోవచ్చు అన్నారు. మళ్ళీ ఆయనే, ఒక్క దినం బాగా కాల్చిందని నమ్మొద్దు, వందల గుండ్లు ఆగకుండా పోవాల అన్నారు. నాకు ఎటూ పాలుపోలేదు. మెరిసే పిస్టల్ గురి అట్ట మీద రంధ్రాలన్నీ రూపాయి బిళ్ళంత చోటులో వేసింది. రంగు పోయిన నల్లది అరచేయంత చెదిరింది గానీ ఎన్నడూ ఆగలేదు.

"కాకా, గిండ్ల ఏది మంచిదో నువ్వే జెప్పరాదు?" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని చాయ్‌కి వెళ్లిపోయారు. నేను మెరిసేదే తీసుకున్నాను. ఆయన లోపల తూటా ఉందేమో చూసి నా చేతికిచ్చారు.

పరీక్ష రోజు షేక్ పక్కన పోలీసు అధికారి కూర్చున్నాడు. నాలుగో గుండుకి పిస్టల్ ఆగిపోయింది. కాకా నెలంతా చేయించినట్టే వేలు ట్రిగ్గరు మీంచి పక్కకు వచ్చింది, పిస్టల్ మూతి అట్టవైపే ఉంది, ఎడమచేయి పైకి లేచింది. అధికారి వచ్చి చూసి అరబ్బీలో ఏదో అన్నాడు. షేక్ దాన్ని హిందీలో చెప్పాడు: ఆగినప్పుడు ఇలా నిలబడేవాడు చాలట. పాసయ్యాను.

ఆ మర్నాడే ఆయుధాల గదిలో రిపేరు పుస్తకం నా కంటపడింది. కాల్చిన తూటా ఖాళీ తొడుగును బయటికి లాగే కొక్కెం స్ప్రింగు మెత్తబడిందని, ఆ పిస్టల్ నంబరు పక్కన, నేను ఎంచుకోవడానికి వారం ముందటి తేదీతో, కాకా చేతిరాత.

"నీకు ముందే ఎరుకేనా కాకా?" అని అడిగాను.

"ఏది మంచిదని అడిగితివి గానీ, దేంట్లో ఏం లోపముందని నువ్వు అడగల్యా" అన్నారు, తలెత్తకుండా.

చాన్నాళ్లు కోపంగా ఉన్నాను. నేను పరీక్ష తప్పి ఉంటే ఏం చేసేవారు? మళ్ళీ సైట్‌కి పోనిచ్చేవారా? ఆ మాట అడగలేకపోయాను. నాకు నేర్పారా, నన్ను పణంగా పెట్టారా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఆ పనితోనే మాత్రం పదేళ్లు బతికాను.

ఆయన శాశ్వతంగా ఇంటికి బయల్దేరిన రోజు ఇబ్రిలో బస్సు ఎక్కించింది నేనే. కిటికీ పక్కన కూర్చున్నారు. బస్సు కదిలినా నావైపు చూడలేదు. దుమ్ము పట్టిన అద్దం మీద వేలితో పిస్టల్ బొమ్మలాంటిదేదో గీస్తూ, పక్కసీటు పఠాన్‌కి వివరిస్తున్నారు. ఆ పఠాన్ ముందుకు వంగి శ్రద్ధగా వింటున్నాడు.